పద్యనాటకంలో ఏకగానం: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల రంగస్థల సంగీతం

తెలుగు పౌరాణిక నాటకంలో పాత్రధారి ఒంటరిగా, తాళం లేకుండా, హార్మోనియం శ్రుతిని ఆధారం చేసుకొని రాగంలో పాడే పద్యాన్ని రంగస్థల ఏకగానానికి ప్రధాన రూపంగా చెప్పుకోవాలి. నాటకంలో పాటలూ ఉంటాయి, వాటికి తాళమూ తబలా ఉంటాయి. కానీ జనం గుర్తుపెట్టుకొనేది పద్యాన్నే, వన్స్‌మోర్ కొట్టేది పద్యానికే. నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, బనగానపల్లె పరిసరాల్లో ఈ నాటకం తిరునాళ్లలోనూ శివరాత్రి జాగారాల్లోనూ శ్రీరామనవమి పందిళ్లలోనూ పెరిగింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేదాకా ఇదంతా కర్నూలు జిల్లాలో భాగం. నాటకం విషయంలో మాత్రం ఈ ప్రాంతం కర్నూలు కంటే బళ్లారి వైపే ఎక్కువగా చూసింది. నంద్యాలలో రైలెక్కితే గుంతకల్లు మీదుగా చేరేది ఆ ఊరికే.

వంతపాట నుంచి ఒంటరి గొంతుకు

ఈ నేల మీద ఆటతో కూడిన పాట పద్యనాటకానికి ముందే ఉంది. అహోబిలానికి గరుడాచలమని పేరు. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడిన కథతో ఓబయమంత్రి రాసిన ‘గరుడాచలం’ తెలుగు యక్షగానాల్లో పాతవాటిలో ఒకటి. కనుమ నాడు మొదలయ్యే అహోబిలం పారువేట ఉత్సవంలో స్వామి నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. తన పెళ్లికి జనాన్ని స్వయంగా పిలవడానికే వస్తాడని నమ్మకం. ఆ కథ ఇక్కడి వాళ్లకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు, ఏటా గుమ్మం ముందుకు వచ్చేది.

యక్షగానంలోనూ వీధినాటకంలోనూ పాత్ర తెర వెనకనుంచి దరువుతో వస్తుంది. ఆ దరువుకు తాళముంది, వెనక నిలబడి చరణాన్ని అందుకొనే వంత ఉంది. ఈ రేనాటి ప్రాంతపు జానపదుల నోట నిలిచిన, ఆంగ్లేయులపై తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాటలూ అంతే. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశాక పుట్టిన ఆ పాటలను తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి ‘రేనాటి సూర్యచంద్రులు’గా వెలువరించారు. వాటిలో కథ చెప్పే గొంతు ఒకటైతే దాన్ని నిలబెట్టే గొంతులు మరికొన్ని. ఊపిరి తీసుకొనే వ్యవధి వంతవాళ్లు ఇస్తారు. అంటే ఇక్కడి పాత సంప్రదాయంలో పూర్తిగా ఒంటరి గానమన్నది దాదాపు లేదు.

ఆ వంతను తీసేసింది పద్యనాటకం. 1880ల్లో ధార్వాడ నాటక సమాజం తెలుగు ఊళ్లలో ఆడిన ఆటలు, పార్శీ కంపెనీల మట్లు, సంస్కృత నాటకాల తెలుగు అనువాదాలు కలిసి కొత్త రంగస్థలాన్ని తయారుచేశాయి. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) సరసవినోదిని సభ పెట్టి, తన నాటకాల్లో పాటలకూ పద్యాలకూ రాగాలు నిర్ణయించారు. ఆంధ్ర నాటక పితామహుడని ఆయనకు పేరు. అదే ఊళ్లో కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిపారు. కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారు 1885లో ‘కీచకవధ’ ఆడి కుటుంబ నాటకసమాజానికి పునాది వేశారు. నంద్యాలకు పడమట బళ్లారి, దక్షిణాన సురభి. ఈ రెండు గాలుల మధ్య ఉన్న ఊళ్లలో నాటకం పాకకుండా ఎలా ఉంటుంది?

వంత పోయిన చోట హార్మోనియం కూర్చుంది. నటుడు ఊపిరి తీసుకొనేలోపు అతని చివరి సంగతిని అందుకొని తిప్పి ఇచ్చేది అదే. కాళ్లతో తొక్కుతూ రెండు చేతులా వాయించే లెగ్ హార్మోనియం రంగస్థలం పక్కన, ప్రేక్షకులకు కనిపించేలా ఉండేది. హార్మోనిస్టు నాటకానికి సగం దర్శకుడు. పల్లెల్లో అయితే పూర్తి దర్శకుడే. పంట పనులు తగ్గాక ఊరి కుర్రాళ్లకు వేషాలు పంచి, ప్రాక్టీసు చేయించి, ఏ పద్యం ఏ రాగంలో పాడాలో నిర్ణయించేది హార్మోనియం మాస్టరే. ద్రౌపది, చంద్రమతి లాంటి ఆడవేషాలకు పట్నం నుంచి కళాకారిణులను పిలిపిస్తారు. డ్రెస్సులు అద్దెకు తెస్తారు. పద్యాలు మాత్రం మాస్టరు చేతిరాత నోటుబుక్కులోంచే వస్తాయి.

ఛందస్సే తాళం

పద్యానికి తాళం లేదంటే లయ లేదని కాదు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, 28 మాత్రలు. చంపకమాలలో 21 అక్షరాలు, మాత్రలు అవే 28. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే చంపకమాల అవుతుంది. శార్దూలానికీ మత్తేభానికీ ఇదే చుట్టరికం, రెండింటికీ పాదానికి 30 మాత్రలు. అందుకే నటుడు ఉత్పలమాలకు నేర్చిన మట్టులో చంపకమాలను ఇబ్బంది లేకుండా కూర్చగలడు. పాతిక మట్లు వచ్చినవాడు వందల పద్యాలు పాడగలగడంలోని రహస్యం చాలావరకు ఇదే.

అన్ని పాదాల్లోనూ రెండో అక్షరపు హల్లు ఒకటే కావడం ప్రాస, పాదం మధ్యలో మొదటి అక్షరంతో మైత్రి కుదరడం యతి. తబలా మౌనంగా ఉన్నప్పుడు శ్రోత చెవికి దరువు వేసేవి ఈ రెండే. అలాగని మంచి గాయకుడు యతి దగ్గర ఆగడు, పాదం చివరా ఆగడు. అర్థం తెగిన చోట ఆగుతాడు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. నాలుగు పాదాల పద్యం ఒకే వాక్యమైనప్పుడు అసలు మాట నాలుగో పాదం చివరిదాకా దొరకదు. సంగీతం కూడా అంతవరకూ బిగింపు వదలదు. మొదటి పాదం మధ్యస్థాయిలో, దాదాపు మాట్లాడినట్టే సాగుతుంది. రెండో పాదంలో రాగం ముఖం కనపడుతుంది. మూడోది పంచమం దాటుతుంది. నాలుగో పాదంలో గొంతు తారషడ్జమాన్ని పట్టుకుంటుంది, చివరి అచ్చు మీద ఆలాపన విచ్చుకొని తిరిగి ఆధారషడ్జమానికి దిగుతుంది. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, పద్యాల్లో సగానికి పైగా నడిచే దారి మాత్రం ఇదే.

ఛందస్సును బట్టి గానం మారుతుంది. శార్దూలం మూడు గురువులతో మొదలవుతుంది కాబట్టి మొదటి మాటే నిలదీసినట్టు పడుతుంది. సవాళ్లకూ ప్రతిజ్ఞలకూ అది బాగా కుదురుతుంది. కందం చిన్నది. ఎదుటివాడి మాటకు వెంటనే బదులివ్వడానికి వాడతారు, దానికి పెద్ద ఆలాపన పెడితే వేడి చల్లారిపోతుంది. సీసం దీనికి పూర్తిగా భిన్నం. ఒక్కో పాదం రెండు ముక్కలుగా విరిగి నాలుగు పెద్ద పాదాలు సాగాక, కింద తేటగీతో ఆటవెలదో వస్తుంది. వర్ణనకూ వేడుకోలుకూ పనికొస్తుంది. గొంతులో సరుకున్న నటుడు సీసాన్ని రాగమాలికగా మార్చి పాదానికో రాగం వేసి, గీతపద్యంలో మొదటి రాగానికి తిరిగొస్తాడు. గాయకుడి స్థాయి తెలుసుకోవాలంటే సీసం పాడించాలి. వృత్తాలు గొంతు బలంతో గట్టెక్కవచ్చు, సీసం అలా గట్టెక్కదు.

రాగం, శ్రుతి

మోహన, కల్యాణి, హిందోళం, బిలహరి, కేదారగౌళ, కానడ, శంకరాభరణం, ఆభేరి, సింధుభైరవి, కాపీ, బేహాగ్, శివరంజని నాటకాల్లో తరచుగా వినపడే రాగాలు. రౌద్రవీరాలకు అఠాణా, శోకానికి ముఖారి శాస్త్రీయ సంప్రదాయంలోంచే వచ్చాయి. అయితే రంగస్థల రాగం కచేరీ రాగం కాదు. హార్మోనియం మెట్ల మీద గమకం పలకదు. స్వరం నుంచి స్వరానికి జారే కర్ణాటక పోకడను అది ఇవ్వలేదు. కాబట్టి నటులు వేగంగా దొర్లే అకారపు సంగతుల వైపు, హిందుస్తానీ వాసన ఉన్న రాగాల వైపు మొగ్గారు. హార్మోనియం స్వరాలు మన సంగీతానికి సరిపడవన్న వాదనతో ఆలిండియా రేడియో 1940లో దాన్ని నిషేధించి, మూడు దశాబ్దాలు దూరం పెట్టింది. పల్లె నాటకం ఆ గొడవ పట్టించుకోలేదు. పట్టించుకుంటే నాటకమే లేదు.

శ్రుతి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కచేరీ చేసే పురుష గాయకులు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో పాడతారు. పద్యనాటక నటులు నాలుగు, నాలుగున్నర, ఐదు శ్రుతులకు వెళ్లేవారు. నాలుగు శ్రుతి అంటే హార్మోనియం మీద పాశ్చాత్యులు ఎఫ్ అనే మెట్టు, ఐదంటే జి. అంత ఎత్తున ఆధారషడ్జమం పెట్టుకొని తారస్థాయిలో నిలబడడం మామూలు గొంతుకు అయ్యే పని కాదు. దీనికి కారణం అహంకారం కాదు, అవసరం. మైకులు లేని రోజుల్లో ఆరుబయట, పెట్రోమాక్సు వెలుగులో, కళ్లం చివర కూర్చున్నవాడికి మాట వినపడాలంటే గొంతు ఎత్తున పలకాలి. మైకు వచ్చాక ఆ అవసరం పోయింది, అలవాటు మిగిలింది. మైకు ముందు ఐదు శ్రుతిలో పాడితే చెవులు గింగుర్లెత్తుతాయని ఎంతమంది మొత్తుకున్నా ‘మా వాడిది ఐదు శ్రుతి’ అని గొప్పగా చెప్పుకొనే అభిమానులు రాయలసీమలో ఇప్పటికీ ఉన్నారు.

గ్రామఫోను రికార్డు మరో మలుపు తెచ్చింది. 78 వేగపు రికార్డుకు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. పందిట్లో పది నిమిషాలు సాగే పద్యం ఆ మూడు నిమిషాల్లో ఒదగాలి. ఎక్కడ పెంచాలో ఎక్కడ తెంచాలో నేర్పింది ఈ రికార్డులే. కపిలవాయి రామనాథశాస్త్రి లాంటి వారి గొంతులు ఊరూరా చేరింది వీటి మీదుగానే. కళ్యాణం రఘురామయ్య (1901–1975) నోట్లో వేలు పెట్టి ఈలతోనే పద్యం పలికించి ఈలపాట రఘురామయ్య అయ్యారు. స్థానం నరసింహారావు (1902–1971) ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా ఒక్క పల్లవిని రకరకాల భావాలతో తిప్పితిప్పి పాడేవారు. అది తాళబద్ధమైన పాట, అయినా ఏకగానపు అందమంతా అందులో ఉంది. మాట మారదు, ప్రతిసారీ మనసు మారుతుంది.

పందిట్లో ఒక పద్యం

ఊరి నాటకంలో ‘కురుక్షేత్రం’ అంటే తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ లోంచి ఏరిన సీన్ల మాల. పడక సీను, రాయబారం, యుద్ధం. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులుంటారు. ఒకటో కృష్ణుడు పడక సీనుకు, రెండో కృష్ణుడు రాయబారానికి. పాత్ర ఒకటే అయినా గొంతులు వేరు, రాగాలు వేరు. అవతలివాడు మోహనలో లేపిన పందిరిని ఇవతలివాడు కల్యాణిలో నిలబెట్టుకోవాలి. పాశ్చాత్య రంగస్థలం నుంచి వచ్చినవాడికి ఇది వింతగా ఉంటుంది. మనవాళ్లకు ఇది నాటకంలోని పోటీ రుచి.

రాయబారం సీను తీసుకోండి. కృష్ణ వేషధారి మైకు దగ్గరికి వస్తాడు. హార్మోనిస్టు షడ్జమం పట్టి, పాడబోయే రాగాన్ని రెండు మూడు సంగతుల్లో చూపిస్తాడు. నటుడు చేతిలోని ఉత్తరీయం సర్దుకొని, ధృతరాష్ట్ర వేషం వైపు తిరిగి, మొదటి పాదాన్ని రాగం పెద్దగా లేకుండా చెబుతాడు. తబలా ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుంటాడు. మూడో పాదానికి వెనక వరుసల్లో మాటలు ఆగుతాయి. నాలుగో పాదం తారషడ్జమం మీద ఆగగానే ఈల పడుతుంది. అప్పుడే మైకులో అనౌన్సుమెంటు: ఫలానా గ్రామవాసి ఫలానావారు కృష్ణ పాత్రధారికి నూటపదహార్లు చదివిస్తున్నారు. కృష్ణుడు కౌరవసభను అలాగే వదిలి ప్రేక్షకులకు దండం పెట్టి, నోటు అందుకొని, మళ్లీ పద్యం ఎత్తుకుంటాడు. రెండోసారి పాడేటప్పుడు ఆలాపన పెరుగుతుంది, రాగమూ మారవచ్చు. ధృతరాష్ట్రుడికి వినపడాల్సింది మొదటిసారే వినపడింది, రెండోసారి పాడేది పందిరికి.

నాటకానికి ఇది చేటని విమర్శ పాతదే. ధర్మవరం వారి మేనల్లుడు, తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ (1880–1946)కు నాటకాన్ని పాటకచేరీ చేయడం గిట్టేది కాదు. పాత్రను పక్కకు నెట్టే రాగాన్ని ఆయన ఒప్పుకోలేదు. తర్వాతి తరంలో పీసపాటి నరసింహమూర్తి (1920–2007) కృష్ణుడి పద్యాన్ని అర్థం విరుపులతో, రాగాన్ని అదుపులో పెట్టి చదివి వేరే దారి చూపారు. ఆయన పద్యంలో రాజకీయం వినపడేది. షణ్ముఖి ఆంజనేయరాజు పద్యంలో సంగీతం వినపడేది. రాయలసీమ పందిళ్లు రెంటినీ మెచ్చుకున్నాయి గానీ, చదివింపులు ఎక్కువగా రాగానికే పడ్డాయన్నది దాచవలసిన సంగతి కాదు.

సినిమా ఈ తగవును కొంత తీర్చింది. ఘంటసాల (1922–1974) ఆలాపనను కుదించి, ప్రతి మాటనూ విడిగా పలికి, సన్నివేశానికి తగిన రాగం ఎంచి పద్యానికి కొత్త మర్యాద ఏర్పరిచారు. ఆ తర్వాత పుట్టిన పల్లె నటులు చాలామంది పద్యాన్ని మాస్టరు దగ్గర కంటే ముందు ఘంటసాల దగ్గర నేర్చుకున్నవారే.

ఇతర నాటకాలు, ఇతర దేశాలు

బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్రీయం’లో ఏకగానానికి శిఖరం కాటిసీను. ఎదుట మరో పాత్ర లేకుండా హరిశ్చంద్రుడు శ్మశానంతో మాట్లాడతాడు. ఇక్కడ నటులు గుర్రం జాషువా శ్మశానవాటిక పద్యాలను చేర్చి పాడడం ఆనవాయితీ అయింది. వేరే కవి రాసిన ఖండకావ్యం నాటకంలో ఇంతగా అతుక్కుపోవడం అరుదు. చాలామంది ప్రేక్షకులకు అవి బలిజేపల్లి వారివి కావని కూడా తెలియదు. జాషువాను అంటరానివాడని దూరం పెట్టిన సమాజమే కాటిసీనులో ఆయన పద్యానికి వన్స్‌మోర్ కొట్టింది.

కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’లో బిల్వమంగళుడి పద్యాలు పశ్చాత్తాపపు గానానికి మంచి నమూనాలు. దాన్ని 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. అభ్యంతరం సుబ్బిశెట్టి పాత్ర మీద వచ్చింది. ఆ పాత్ర చుట్టూ నటులు ఏళ్ల తరబడి కల్పించుకుంటూ పోయిన వచనమే దాన్ని అంతదాకా తెచ్చింది. ఛందస్సు కాపలా ఉండడం వల్ల పద్యంలో అటువంటి చేర్పులకు చోటు దొరకలేదు.

బనగానపల్లెతో అనుబంధమున్న పోతులూరి వీరబ్రహ్మం కథతో ఆడే ‘బ్రహ్మంగారి నాటకం’ తీరు వేరు. అందులో పద్యం కంటే తత్వానిది పైచేయి. తత్వానికి తాళముంది, పల్లవి ఉంది, జనం కలిసి పాడే వీలుంది. అంటే ఇక్కడ వంత మళ్లీ వచ్చి చేరింది, ఈసారి పందిట్లోంచి.

ఇటాలియన్ ఒపేరాలో కథ నడిపే మాట కోసం రెసిటేటివ్, మనసు విప్పడానికి ఏరియా అని రెండు వేరు రూపాలున్నాయి. మొదటిది మాట నడకలో సాగుతుంది, రెండోది కొలత కట్టిన గానం. బ్రాడ్వే మ్యూజికల్లోనూ నాయిక తన కోరిక చెప్పే సోలో పాటకు కచ్చితమైన తాళం, ఆర్కెస్ట్రా, సాధారణంగా 32 బార్ల కట్టడం ఉంటాయి. కథ నడపడం, మనసు విప్పడం అనే ఈ రెండు పనులనూ తెలుగు పద్యం ఒక్కటే మోస్తుంది. మొదటి పాదంలో రెసిటేటివ్, నాలుగో పాదంలో ఏరియా. పొరుగున మరాఠీ సంగీత నాటకంలో బాలగంధర్వుడి (1888–1967) నాట్యపదాలకు కూడా వన్స్‌మోర్లు పడేవి గానీ, అవి తాళంలో కట్టిన పాటలు. తాళం లేని ఛందోబద్ధ పద్యాన్ని ఏకగానానికి ముఖ్య సాధనం చేసుకొని ఇంత దూరం తీసుకెళ్లింది తెలుగు రంగస్థలమే.

ఇప్పటి పరిస్థితి

కీబోర్డు వచ్చి చాలాచోట్ల హార్మోనియాన్ని పక్కకు జరిపింది. కీబోర్డులో శ్రుతి మార్చడం ఒక మీట పని కాబట్టి నటుడి గొంతుకు అనుగుణంగా శ్రుతి దించుకోవడం సులువైంది, ఇది మంచిదే. రాత్రంతా సాగే నాటకం సీన్లకు కుదించుకుపోయింది. ఇది మంచో చెడో చెప్పలేం గానీ, దీనివల్ల పద్యాలు తగ్గలేదు, మధ్యలోని వచనం తగ్గింది. నాటకం పద్యాల దండగా మారింది. అసలు నష్టం మరో చోట జరుగుతోంది. పల్లెల్లో నాటకం నేర్పిన హార్మోనియం మాస్టర్ల నోటుబుక్కుల్లో ఏ పద్యానికి ఏ రాగం, ఎక్కడ విరుపు, ఎక్కడ ఆలాపన అన్న గుర్తులుంటాయి. అచ్చు పుస్తకంలో పద్యం ఉంటుంది గానీ ఆ గుర్తులుండవు. నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఎవరింట్లోనైనా అలాంటి నోటుబుక్కు ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. ఫోనుతో పేజీలు ఫొటో తీయండి, పాడగలిగిన పెద్దవారుంటే పక్కన కూర్చోబెట్టి ఒక్కో పద్యం పాడించి రికార్డు చేయండి.